పండుగకథలో బిడ్డ: వేక్‌ఫీల్డు నుండి ధవళేశ్వరము వఱకు

ఆంగ్లసాహిత్యమున క్రిస్మసు కథ యనునది యొక ప్రత్యేకశాఖగా పెంపొందినది. బయట మంచు, లోపల పొయ్యిచుట్టును చేరిన కుటుంబము, పేదయింటి రోగిష్ఠిబిడ్డ, కడపట కరగు నొక కఠినహృదయము, ఇవి యా కథలకు సామాన్యలక్షణములు. గోదావరి డెల్టా క్రైస్తవమిషనులకు క్రొత్తది కాదు. ఆంథొని నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహమున ఇంగ్లండులోని డెవన్ ప్రాంతమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను నిరువురు 1836లో ఈ దేశమునకు వచ్చి, కొలదికాలమునకే నరసాపురమును తమ కార్యస్థానముగ జేసికొనిరి. 1840 దశకమున ఉత్తరజర్మనీ మిషనువారు రాజమహేంద్రవరమున పని ప్రారంభించిరి. ఆ మిషను పిమ్మట అమెరికను లూథరనుల చేతికి వచ్చెను. 1853లో ఆ పట్టణముననే స్థాపింపబడిన జిల్లా పాఠశాల క్రమముగా కళాశాలయై ఇంగ్లీషు గ్రంథములను ఇంటింటికిని పరిచితము చేసెను. ఇన్ని ద్వారములు తెఱచియున్నను క్రిస్మసు కథ తెలుగున నొక శాఖగా వేరూనలేదు. ఏల?

ఈ ప్రశ్నకు సాధారణముగా రెండు సమాధానములు వినబడుచుండును. మతభేద మొకటి, వాతావరణభేద మొకటి. మార్గశిరమున గోదావరిపై పొగమంచు క్రమ్మునేకాని గడ్డకట్టు చలిలేదు. పొయ్యిచుట్టును ముడుచుకొని కూర్చుండు కుటుంబమునకు బదులు మనకు కళ్లములో నూర్పులు సాగించు కుటుంబము కలదు. ఈ సమాధానములు తప్పని నేననను గాని, చాలవని నా యభిప్రాయము. ఆ కథ మనకు రాకపోలేదు. అది వచ్చినది. అయితే డికెన్సు ద్వారమున గాక, డికెన్సునకు గురుస్థానమునందున్న యొక పూర్వికుని ద్వారమున వచ్చినది. ఆ త్రోవను గుర్తించినగాని మన తొలి నవలలలో బిడ్డకును కుటుంబమునకును గల స్థానము బోధపడదు.

ముందుగా డికెన్సు సంగతి కొంత చెప్పవలసియున్నది. 'ఎ క్రిస్మస్ కెరల్' 1843 డిసెంబరు 19వ తేదీన వెలువడెను. మొదటి ముద్రణము ఆఱువేల ప్రతులు క్రిస్మసు ముందటిదినమునకే చెల్లిపోయినవి. ఆ సంవత్సరారంభమున గనులలోను కర్మాగారములలోను బాలబాలికలు చేయుచున్న పనినిగూర్చి ప్రభుత్వవిచారణసంఘమువారు ప్రకటించిన నివేదికను డికెన్సు చదివి, పేదబిడ్డల పక్షమున నొక కరపత్రము వ్రాయదలచి, ఆ తలపును మాని, ఏడాది చివర కథనే వ్రాసెను. కథకు మూలము పండుగ కాదు, నివేదిక. స్క్రూజి యను లోభికి దయ్యములు చూపు దృశ్యములలో మిక్కిలి భయంకరమైనది సమాధి కాదు. రెండవ దయ్యము అంగీక్రింద నుండి బయటపడు ఇద్దఱు బిడ్డలు, అజ్ఞానము, దారిద్ర్యము అను పేర్లుగల బాలుడును బాలికయు. క్రాచిట్టు సంసారమునకు వారమునకు పదునైదు షిల్లింగుల జీతము ఆధారము, ఆర్గురు బిడ్డలు. కడగొట్టువాడైన టిమ్ కఱ్ఱపై నడచును.

డికెన్సు స్వానుభవ మిందు కలదు. 1824లో పండ్రెండేండ్ల ప్రాయమున అతడు బూట్లనలుపు తయారుచేయు పనిశాలలో సీసాలకు చీటీలంటించెను. అతని తండ్రి అప్పులు తీర్పలేక మార్షల్సీ చెఱసాలలో నుండెను. తల్లియు, చిన్నపిల్లలును అచ్చటనే కాపురముండిరి. చెఱసాలలో కాపురముండిన కుటుంబము! ఈ వాక్యము చదువగనే ఆంగ్లసాహిత్యవిద్యార్థికి మఱియొక కుటుంబము జ్ఞప్తికి రావలెను. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నందలి ప్రింరోజు అను మతాచార్యుని కుటుంబ మది. ఆయనకును ఆర్గురు బిడ్డలే. ఆయనయు అప్పునకై చెఱపాలైనవాడే. ఆయనవెంట ఆలుబిడ్డలును చెఱసాలకు పోయినవారే.

ఇది యాదృచ్ఛికసామ్యమని కొట్టివేయుటకు వీలులేదు. డికెన్సు బాల్యమున తండ్రియింటి గదిలో చదివిన గ్రంథములలో వేక్‌ఫీల్డు కథ యొకటి. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో కథానాయకుడు చదివిన గ్రంథముల పట్టికయందు దానిని చేర్చి ఆ ఋణమును తానే ఒప్పుకొనినాడు. మఱియొక వింత కలదు. ప్రింరోజు కొడుకులలో నొకడు మోజెస్. గుఱ్ఱము నమ్మి ఆ సొమ్ముతో పనికిరాని పచ్చకళ్లద్దములు కొనితెచ్చిన అమాయకు డతడే. డికెన్సు తన తమ్ముని ముద్దుగా మోజెస్ అని పిలిచెడివాడు. ఆ పేరు ముక్కుతో పలుకబడి 'బోజెస్' అయి, కుఱుచయై 'బోజ్' అయి, తుదకు డికెన్సు తొలిరచనలకు కలముపేరయ్యెను. గోల్డ్‌స్మిత్ గృహమునందలి పిల్లవాని పేరు డికెన్సుకు రచయితృనామముగా సంక్రమించినదన్నమాట. గోల్డ్‌స్మిత్ కథయందును గ్రామస్థులు క్రిస్మసు గీతములు పాడు నాచారము ప్రసక్తమైనది. పండుగ అక్కడ కథకు కేంద్రము కాదు, గ్రామజీవితమున నొక పూస మాత్రమే. ఆ పూసను పెద్దదిచేసి హారమునకు నాయకమణిగ కూర్చినవాడు డికెన్సు.

ఇప్పుడు గోదావరికి వత్తము. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో స్థాపించిన 'వివేకవర్ధని'లో 1878లో 'రాజశేఖర చరిత్రము' వెలువడసాగెను. 1880లో గ్రంథరూపము దాల్చెను. తాను మొదట వేక్‌ఫీల్డు కథను భాషాంతరీకరింపబూని, అది తనకు రుచింపక మాని, స్వతంత్రముగ వ్రాసితినని పంతులుగారు చెప్పుకొనియున్నారు. ఇది తెలుగున తొలినవల యగునా, 1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టి వ్రాసిన 'శ్రీరంగరాజ చరిత్రము' తొలినవల యగునా యను వివాదమునకు నేనిచట పూనుకొనను. పంతులుగారు తమ రచనను వచనప్రబంధ మనిరి. 'నవల' యను మాటను ప్రచారమునకు దెచ్చిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ఈ గ్రంథమును తీవ్రముగ విమర్శించిరి. నా కిచట కావలసినది ఒక్క విషయమే: కుటుంబకథ ఇంగ్లండునుండి ధవళేశ్వరమునకు వచ్చునపుడు ఏది నిలిచినది, ఏది మాఱినది?

నిలిచిన దేదో చెప్పుట సులభము. మంచివాడును లోకజ్ఞానము చాలనివాడునగు గృహస్థు, ఐశ్వర్యమునుండి దారిద్ర్యమునకు పతనము, ఊరువిడిచి పయనము, మాఱువేషముతో వచ్చి కుటుంబముతో స్నేహముచేసి కడపట తన నిజరూపము వెల్లడించు ప్రభువు, దుష్టుడగు స్థానికాధికారి, చెఱసాల. గోల్డ్‌స్మిత్ కథయందు బర్చెల్ అను పేదవేషధారి సర్ విలియం థారన్‌హిల్ అయినట్లు, ఇచట రామరాజు పెద్దాపుర ప్రభువగు కృష్ణజగపతి మహారాజగును. పెద్దాపురము నేటి కాకినాడ జిల్లాలోనిది. కథాస్థలముల నెన్నుకొనుటలో పంతులుగారు తమకు పరిచితమైన నేలను విడువలేదు. ధవళేశ్వరము, ఆ కొండ, ఆ గుడి, ఆ గోదావరి తెలుగు వచనమున అంతకుముందెన్నడును అట్లు కనబడలేదు. కాటను దొర ఆనకట్ట 1847-52 సంవత్సరముల నడుమ ఆ యూరివద్దనే కట్టబడెను. పంతులుగారి కాలమునకు ఆనకట్ట యున్నను, కథాకాలమునకు లేదు. అది పెద్దాపుర సంస్థానము ప్రభుత్వము నెఱపుచుండిన పాతకాలపు ధవళేశ్వరము.

మాఱినది చెప్పుటలోనే పరిశోధకునకు పని కలదు. ప్రింరోజు ధనమంతయు నొక వర్తకుని దివాలావలన పోయెను. రాజశేఖరుని ధనము అట్లు పోలేదు. ఇంటికివచ్చు బంధువులు, పొగడి తిను ఆశ్రితులు, ఆడంబరముగ జరుపు శుభకార్యములు, బంగారము చేసెదనని వచ్చిన బైరాగి, వీరందఱును కలిసి తినివేసిరి. ఇంగ్లీషు కుటుంబము బయటిదెబ్బకు కూలినది. తెలుగు కుటుంబము లోపలినుండి పుచ్చినది. తల్లి, తండ్రి, బిడ్డలు మాత్రమే గల చిన్నగూడు గోల్డ్‌స్మిత్‌కును డికెన్సుకును ఆదర్శము. పంతులుగారు చూచిన ఇంటికి నలుదిక్కుల తలుపులు, ఏ తలుపునుండి యెవరైనను భోజనమునకు రావచ్చును. ఐశ్వర్యము పోగానే ఆ తలుపులనుండి అందఱును వెడలిపోవుదురు. ఈ ఘట్టములందలి వ్యంగ్యము ఈ నాటికిని మొద్దువోలేదు. పంతులుగారి హాస్యము గోల్డ్‌స్మిత్ హాస్యముకంటె కఱకైనది.

ఇక బిడ్డలమాట. క్రాచిట్టు ఇంటిలో బిడ్డకు గల యపాయము ఆకలి, రోగము. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1845లో వ్రాసిన అగ్గిపుల్లలమ్ము బాలికకును అంతియే. ఆ కథ సంవత్సరాంతపురాత్రి జరుగునదే యైనను లోకము దానిని క్రిస్మసు కథలలోనే లెక్కించుచున్నది. చెహోవు 1886లో క్రిస్మసు దినమున పత్రికలో ప్రకటించిన 'వాంక'యందు తొమ్మిదేండ్ల పిల్లవాడు మాస్కోలోని చెప్పులుకుట్టువాని యింట దెబ్బలు తాళలేక తాతకు ఉత్తరము వ్రాసి, విలాసము సరిగా తెలియక పల్లెలోని తాతగారికని వ్రాసి పెట్టెలో వేయును. ఆ యుత్తరము చేరదు. ఆంగ్లకథలో బిడ్డను కథకుడు రక్షించును; డేనిషు, రష్యను కథలలో రక్షింపడు. ఈ భేదము జాతిస్వభావముచేత వచ్చినదని కొందఱందురు. నేను నమ్మను, గోల్డ్‌స్మిత్ చూపిన బాట ఆంగ్లేయునకు దగ్గఱగా నుండుటయే కారణమని నాకు తోచును.

ఆ బాట యెట్టిదనగా, చచ్చినదనుకొన్న బిడ్డ బ్రదికివచ్చుట. ప్రింరోజు పెద్దకూతురు ఒలీవియా ధనికుడగు దుర్మార్గుని దొంగపెండ్లిచే మోసపోవును; ఆమె చనిపోయెనని చెఱసాలలోనున్న తండ్రికి వార్త వచ్చును; కడపట ఆమె సజీవయై వచ్చుటయేగాక ఆ దొంగపెండ్లి నిజమైన పెండ్లియే యని తేలును. 'క్రిస్మస్ కెరల్'లో టిమ్ చనిపోయిన భవిష్యత్తును స్క్రూజి చూచును. కాని కథాంతమున టిమ్ చావలేదని రచయిత చెప్పును. ఆ మాట డికెన్సు వ్రాతప్రతిలో లేదు, అచ్చుపనినాటికి చేర్చినది. బిడ్డ బ్రదుకునో బ్రదుకదో చదువరి ఊహకు విడువ రచయితకు మనసొప్పలేదు. ఒక్క వాక్యముతో బిడ్డకు ప్రాణము పోసెను.

రాజశేఖర చరిత్రమున ఈ యుపాయమే రెండుమారులు ప్రయోగింపబడినది. కాశికిపోయిన అల్లుడు నృసింహస్వామి మరణించెనను వార్త వచ్చును. రాజశేఖరుని పెద్దకూతురు రుక్మిణి వితంతువగును. పిమ్మట ప్రయాణమున దొంగలు పడినపుడు రుక్మిణియే చనిపోయెనని తలచి కుటుంబము కదలిపోవును. ఆమె తెప్పరిల్లి, పురుషవేషము ధరించి, తనదారి తాను చూచుకొనును. తుదకు మగడును బ్రదికియే యుండును, ఆమెయు బ్రదికియే యుండును. ఒలీవియా కథనుండి పంతులుగారు గ్రహించినది ఇంతవఱకే. ఒలీవియాకు పోయినది మర్యాద. మరల లభించినదియు మర్యాదయే. రుక్మిణికి పోయినది పసుపుకుంకుమలు. ఆనాటి బ్రాహ్మణకుటుంబములలో మగనిచావు వార్త యనగా బాలికకు శిరోముండనము, శుభకార్యములలో వెలి, జీవితాంతము పుట్టినింటి వంటయింటి మూల. ఇంగ్లండుబిడ్డకు ఆకలివలన కలుగు మృత్యువు గోదావరి తీరమున బాలికకు ఒక జాబువలన కలుగుచుండెను. తెలుగు కుటుంబకథలో టిమ్ చేతికఱ్ఱ యున్న చోట రుక్మిణి కుంకుమబొట్టున్నది.

ఇచటనే 'రాజశేఖర చరిత్రము' ఉత్త అనుకరణ యను వాదము చెడుచున్నది. వస్తువు అరువు తెచ్చుకొన్నదే; అయితే కథలో బిడ్డకు ఏది ప్రాణాపాయము అను ప్రశ్నకు రచయిత తన యూరినుండియే సమాధానము తెచ్చుకొనెను. కథయందలి లోపమును కూడ దాచిపెట్టరాదు. మగడు చావలేదని చెప్పుటవలన రుక్మిణి బ్రదికినది; చచ్చియుండినచో ఆమెగతి యేమి? ఈ ప్రశ్నను కథ మ్రింగివేసినది. డికెన్సు చేర్చిన వాక్యమువంటిదే ఈ పరిష్కారమును. చదువరి కన్నీరు తుడుచును గాని సమస్యను కదలింపదు.

అయితే రచయిత సమస్యను విడువలేదు. నవల ప్రకటింపబడిన మఱుసటియేడు, 1879లో, ఆయన రాజమహేంద్రవరమున వితంతువివాహమునుగూర్చి ఉపన్యసించుట ప్రారంభించెను. 1856 నాటి చట్టము అట్టి వివాహములకు సమ్మతించియే యుండెను, వధూవరులే లేకుండిరి. 1881 డిసెంబరు 11వ తేదీన ఆ పట్టణముననే బాలవితంతువగు గౌరమ్మకు గోగులపాటి శ్రీరాములుతో వివాహము జరిపించిరి. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. బహిష్కారములు, దూషణములు, పురోహితులు దొరకమి మున్నగు చిక్కులు పంతులుగారి స్వీయచరిత్రయందు విపులముగ నున్నవి. నవలయందు అల్లుని బ్రదికించి తప్పించుకొన్న ప్రశ్నకు మూడేండ్లకు పెండ్లిపందిరిలో సమాధానము చెప్పవలసి వచ్చినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చదువుడని మన పరిశోధకవిద్యార్థులకు నేను చెప్పుచుందును. సంస్కర్తను, నవలాకారుని వేర్వేఱుగ చదువు అలవాటువలన నవలయొక్క బరువు తగ్గిపోవుచున్నది.

పంతులుగారి బాల్యము డికెన్సు బాల్యమంత కఠినము కాదు. అయినను తండ్రిలేని బాల్యము. 1848లో జన్మించిన ఆయన నాలుగేండ్లవాడుగ నుండగనే తండ్రి సుబ్బారాయుడు గతించెను. పెదతండ్రి వేంకటరత్నముగారు పెంచిరి. 1861లో బాపమ్మతో వివాహమయ్యెను. రాజ్యలక్ష్మి యను పేరుతో ఆమెయే పిమ్మట పంతులుగారి కార్యములన్నిటికిని చేదోడైనది. ఆ దంపతులకు సంతానము లేదు. ఆ యింట పెరిగిన బిడ్డలందఱును పరులబిడ్డలే: ఇల్లు వెడలగొట్టబడిన బాలవితంతువులు, తల్లిదండ్రులు లేనివారు. వారికి వండిపెట్టి, పురుళ్లుపోసి, పెండ్లిండ్లుచేసిన గృహిణి 1910లో గతించెను. కుటుంబమనగా రక్తసంబంధమేనా యను ప్రశ్నకు ఆ యిల్లు చెప్పిన సమాధానము పంతులుగారి యే నవలయందును లేదు. ఉండవలసినదని నాకనిపించును.

ఇక పండుగ. డికెన్సు పండుగదినమును హృదయపరివర్తనమునకు సమయముగ జేసెను. పదునేడవ శతాబ్దిలో ప్యూరిటనులు పార్లమెంటు శాసనమున క్రిస్మసును నిషేధించిన దేశమది, 1647లో. దానిని తిరిగి కుటుంబపర్వముగ నిలబెట్టుటకు రాణి విక్టోరియా అంతఃపురమునందలి క్రిస్మసుచెట్టు చిత్రము పత్రికలో పడుటయు, డికెన్సు పుస్తకములును తోడ్పడినవి. మన డెల్టాలో ధనుర్మాసమునుండి సంక్రాంతివఱకును బిడ్డల పండుగయే: గొబ్బెమ్మలు, భోగిమంట, భోగిపండ్లు, బొమ్మలకొలువు. కథకు కావలసిన సామగ్రి సమస్తమును కలదు. అయినను పంతులుగారు పండుగకు ఆ గౌరవ మీయలేదు. ఆయన దృష్టిలో పండుగయు శుభకార్యమును ఇంటిని గుల్లచేయు వ్యయములు, మూఢాచారములకు పందిళ్లు. సంస్కర్తకు పండుగ శత్రుపక్షమున నుండెను. డికెన్సుకు స్వపక్షమున నుండెను. క్రిస్మసు కథ తెలుగున వేరూనకుండుటకు వాతావరణముకంటె ఇది బలమైన హేతువని నేను భావించుచున్నాను. నరసాపురమునకు వచ్చిన బ్రదరెన్ శాఖవారును ఆదిలో పర్వదినములను పాటించుటయందు పట్టుదల కలవారు కారను సంగతిని దీనికి జోడింపవచ్చును. పండుగకు ఉత్సాహము చూపవలసిన రెండుపక్షములును ముడుచుకొనియుండెను.

పండుగసంచికల సంప్రదాయము మాత్రము మనకును ఏర్పడినది. డికెన్సు తన వారపత్రికలకు ఏటేట క్రిస్మసు ప్రత్యేకసంచికలు వెలువరించినట్లు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'ఆంధ్రపత్రిక' ఉగాది సంచికలు వెలువరించెను. కాని యవి పండితవ్యాసములకును కావ్యఖండములకును నిలయములు, బిడ్డకథలకు గావు.

పిల్లవానిని పిల్లవానిగనే నవలలో నిలిపినవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఖండవల్లిలో పుట్టి రాజమహేంద్రవరమున స్థిరపడిన ఆ కవి తన 'గణపతి'యందు తండ్రిలేని పేదబాలుని అల్లరిని, ఆకలిని, పొట్టకూటికై తల్లిపడు పాట్లను హాస్యముతో వ్రాసెను. ఆ బాలునికి ఏ దయ్యమును దర్శనమీయదు, ఏ ప్రభువును మాఱువేషమున రాడు. టిమ్ వలె వాడు మంచివాడు కూడ కాడు. తెలుగు నవలాశిశువులలో మనకు మొట్టమొదట నమ్మబుద్ధియగువాడు వాడే.

క్రిస్మసునకు మూలమైన శిశుజననకథ తెలుగున కావ్యమార్గమున పోయినది. యౌవనమున రాజమహేంద్రవరమున మూకచిత్రములకు కథ చెప్పు పనిచేసి పొట్టపోసికొనిన గుఱ్ఱం జాషువ 1958లో 'క్రీస్తుచరిత్ర' ప్రకటించెను. దానికి 1964లో కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము లభించెను. అంటరానితనమున పెరిగిన కవి పసులపాకలో పుట్టిన బిడ్డను పాడుటలో నున్న యర్థము వేఱొక వ్యాసమునకు తగినది.

రాజశేఖరుని కుటుంబము మాత్రము మరల ఇంగ్లండునకు ప్రయాణముచేసెను. జె. రాబర్ట్ హచిన్సన్ దానిని ఆంగ్లీకరించి, 'ఫార్చ్యూన్స్ వీల్' అను పేరిట, హిందూ గృహజీవితకథ యను ఉపశీర్షికతో 1887లో లండనున ప్రకటించెను. ప్రింరోజు కుటుంబము గోదావరినీరు త్రాగి, నూట యిరువది యొక్క సంవత్సరములకు, చీరలు కట్టుకొని స్వదేశమునకు తిరిగివచ్చినట్లయినది. లండను చదువరికి రుక్మిణి వైధవ్యవార్త యొక కథాసంవిధానపు మలుపు. రాజమహేంద్రవరపు చదువరి అప్పటికి ఆఱేండ్లుగా తన వీధిలోనే బాలవితంతువుల పెండ్లిండ్లు చూచుచుండెను. కొందఱు తలుపులు తెఱచి, కొందఱు తలుపులు మూసికొని కిటికీలనుండి.